అటక నెక్కిన గిటారు

"మొక్కయై వంగనిది మ్రానై వంగునా?" అని మనవారి సామెత. చిన్నవారి చదువును గూర్చి పెద్దలు దీనిని తరచుగా జెప్పుదురు, చెప్పవలసినదే. అయితే నలువది యేండ్లు దాటినవారు ఈ సామెతను తమకే యన్వయించుకొని, యొకప్పుడు ప్రీతితో నేర్చిన విద్యను మరల ముట్టకుండుటకు దానిని సాకుగా జేసికొనుచున్నారు. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము. మొక్కగా నున్నప్పుడు వంగిన కొమ్మ మ్రానైన పిమ్మట నా వంపును విడుచునా? అట్టివారు తమ్ము దా మడుగుకొనవలసిన ప్రశ్న యిది.

నేను వ్రాయదలచినది గిటారును గూర్చి. మన తెలుగు సంఘములలో హార్మోనియము, తబలాల ప్రక్కన గిటారు చేరి చాలకాలమైనది. యువజన కూడికలలోను, క్రిస్మసు పాటల బృందములలోను, వసతిగృహముల సాయంకాలములలోను దానిని చేబట్టిన యువతీ యువకు లెందఱో కలరు. వారిలో బెక్కుమంది నేడు ఉద్యోగస్థులు, గృహస్థులు. వారి గిటారు అటకమీదనో, బీరువాపైననో, మంచము క్రిందనో సంచిలో నున్నది. ఉద్యోగము వచ్చినది, బదిలీలు వచ్చినవి, బిడ్డలు కలిగిరి, ముసలి తల్లిదండ్రులకు జబ్బు చేసినది. విడువవలెనని నిశ్చయించి విడిచినవారు మిక్కిలి తక్కువ. రేపు వాయింతమనుకొనుచు విడిచినవారే యెక్కువ.

ఆ గిటారును దింపవలెనని నా మనవి. దింపినవారికి నేటి డిజిటల్ సాధనములు మునుపెన్నడును లేని సహాయము చేయగలవు. కాని వానిలో మన చెవికి నిజమును వినుట నేర్పునవి కొన్ని; చెవికి బదులుగా దామే పనిచేయ జూచునవి కొన్ని. మొదటివానిని దగ్గఱ నుంచుకొని రెండవవానిని దూరముగా నుంచినవారే బాగుపడుదురు.

నేనును శిక్షణ కళాశాల వసతిగృహమున నీ వాద్యమును నేర్చినవాడను. ఉపాధ్యాయ వృత్తిలో బ్రవేశించిన పిదప పదునెనిమిది సంవత్సరములు దానిని ముట్టుట కవకాశము కలుగలేదు. రెండేండ్ల క్రిందట మరల చేబట్టితిని. కావున నిందు జెప్పు సంగతులలో గొన్ని పుస్తకముల వలన దెలిసినవి, కొన్ని వ్రేళ్లవలన దెలిసినవి.

మొదట శరీరము మాట. చాలకాలమునకు గిటారు పట్టినవానికి ఆశ్చర్యము కలిగించు విషయ మొకటి కలదు. కార్డు లనబడు స్వరగుచ్ఛములకు వ్రేళ్లుంచవలసిన చోటులు కొద్దిదినములలోనే చేతికి జ్ఞాపకము వచ్చును. రానిది వేగము, రానిది బలము. ఒక కార్డునుండి మఱియొక కార్డునకు మాఱునప్పుడు వ్రేళ్లు తడవుకొనును. వ్రేలి కొనలు మెత్తబడి యుండును గనుక తీగ కోసినట్లు నొప్పి పుట్టును. ఉక్కు తీగల గిటారులో నాఱు తీగల బిగువు కలిసి దాదాపు 70 కిలోలుండును; నైలాను తీగలకు సుమారు 40 కిలోలే. కావున మరల మొదలుపెట్టువారు సన్నని తీగలనో, నైలాను తీగలనో కట్టించుకొనుట మేలు. నైలాను తీగలు పుట్టుటయే యొక చిన్న కథ. పూర్వము ప్రేగుతీగలు వాడెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నవి దొరకుట కష్టము కాగా, 1940 ప్రాంతపు దశాబ్దములో న్యూయార్కు నగరమున ఆల్బర్ట్ అగస్టీన్ అనునాయన నైలానుతో తీగలు చేసెను. కొఱతవలన గలిగిన యా తీగలే నేడు మెత్తబడిన వ్రేళ్లకు మేలు చేయుచున్నవి.

దినమునకు పది పదునైదు నిమిషముల చొప్పున కొన్ని వారములు వాయించినచో వ్రేలికొనల చర్మము మరల గట్టిపడును. కాని చర్మపు నొప్పి వేఱు, మణికట్టునందును కీళ్లయందును గలుగు నొప్పి వేఱు. రెండవది కలిగినప్పుడు వాద్యమును క్రింద బెట్టవలెను. పట్టుదల చూపవలసిన చోటు అది కాదు.

వినికిడి తగ్గునను భయము కొందఱికి గలదు. వయసుతో సాధారణముగా ముందు తగ్గునది మిక్కిలి హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడి. గిటారు అడుగు తీగ సెకనునకు సుమారు 82 మారులు కంపించును. పై తీగపై పందొమ్మిదవ మెట్టు నొక్కినను కంపనములు వేయికి లోబడియే యుండును. ఆ మేర ధ్వనులు నడివయసున జాలమందికి చక్కగా వినబడును. స్పెయిను దేశపు గిటారు విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా 1893 లో జన్మించి 1987 లో మరణించెను. తొంబది యేండ్లు దాటిన పిమ్మటను ఆయన సభలలో వాయించెను. అందఱును సెగోవియాలు కాజాలరు. కాని నలువదియైదేండ్లకే చెవియు వ్రేలును ముదిసినవని చెప్పుట కాధారము లేదు.

ఇక సాధనముల సంగతి. నా యనుభవమున నిజముగా నుపకరించునవి నాలుగు. నాలుగును సామాన్యమైన చేతిఫోనులో ఖర్చు లేకుండ దొరకునవే.

మొదటిది శ్రుతి చూపునది. శ్రుతి తప్పిన వాద్యముతో సాధన చేయుట వంకర కొలబద్దతో గీతలు గీయుట వంటిది. హార్మోనియము మెట్టు నొక్కి దానితో తీగను సరిచూచుకొనుట వెనుకటి పద్ధతి. హార్మోనియము లేని యింట నదియు లేదు. 1939 లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశము, ఏ అను స్వరమునకు సెకనునకు 440 కంపనములని నిర్ణయించినది. గిటారు అయిదవ తీగ దానిలో నాలుగవ వంతు, అనగా 110. ఫోను మన తీగ ధ్వనిని విని, కంపనముల లెక్క గట్టి, బిరడను బిగింపవలెనో సడలింపవలెనో ముల్లుతో జూపును. "ఆడలేక మద్దెల యోడు" అనుటకు వీలు లేకుండ జేసినది. అయినను దీనిని వాడుటలో నొక పద్ధతి కలదు. అయిదవ తీగను మాత్రము ఫోనుతో సరిచేసి, తక్కినవానిని చెవితో గలిపి, చివర ఫోను నడుగవలెను. పుస్తకము వెనుక నున్న జవాబును ముందు చూచి లెక్క చేయు బాలునకు లెక్క రాదు. చేసిన పిమ్మట చూచువానికే వచ్చును.

రెండవది లయ చెప్పునది. 1815 లో యోహన్ మేల్సెల్ పేటెంటు పొందిన మెట్రోనోము టిక్కుటిక్కుమని తాళము వేయు యంత్రము. అదియే నేడు ఫోనులో నున్నది. ఇందలి భావము మనకు గ్రొత్తది కాదు. మన సంగీత గురువులు సరళీవరుసలను మూడు కాలములలో బాడింతురు. మొదటి కాలము కుదరక రెండవదానికి బోనీయరు. పెద్దవయసున మరల నేర్చువారికి గల చాపల్యమేమనగా సులభమైన చోట పరుగెత్తుట, కష్టమైన చోట నాగుట. మెట్రోనోము దీనిని క్షమింపదు. నిమిషమునకు 50 దెబ్బల చొప్పున దప్పులేక వాయించినప్పుడే 55 కు బోవలెను. తొందరపడువానికిది శిక్షవలె దోచును. మంచి గురువు పెట్టు నియమ మిట్టిదే.

మూడవది వేగము తగ్గించి వినిపించునది. గ్రామఫోను రికార్డుల కాలమున బాటను విని నేర్వదలచిన గిటారువాద్యకులు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు రికార్డును 16⅔ చుట్లతో దిప్పి వినెడివారు. వేగము సగమగును గాని స్వరమును ఒక స్థాయి క్రిందికి బోవును. కాసెట్ల కాలమున మేము వెనుకకు ద్రిప్పి త్రిప్పి వినుటచే టేపే పాడయ్యెడిది. నేడు శ్రుతి చెడకయే పాటను సగము వేగముతో వినవచ్చును. నాలుగు స్వరముల తునకను బట్టి నూఱుమారులు వినవచ్చును. వ్రాసియిచ్చిన టాబ్ చూచి వ్రేళ్లుంచుట నోట్సు బట్టీ పట్టుట వంటిది. విని పట్టుకొనుట పాఠము నర్థము చేసికొనుట వంటిది. విని పట్టుకొనుటకు సహాయపడునది గావున నీ సాధనమును నేను మిక్కిలి మెచ్చుకొందును.

నాలుగవది మన వాద్యమును మనకు వినిపించు రికార్డు. అన్నిటిలో గొప్పది యిదియే. వాయించునప్పుడు మనస్సు వ్రేళ్ల మీద నుండును. చెవి సగమే పనిచేయును. రికార్డు విన్నప్పుడు చేతులు ఖాళీగా నుండును. చెవి పూర్తిగా పనిచేయును. ఎచట తీగ గరగరలాడెనో, ఎచట తాళము జాఱెనో, ఎచట బాగుగా నున్నదో యప్పుడు తెలియును. నెలకొక్కమారు నొకే పాటను తేదీతో సహా నిలువచేసి యుంచినచో, ఆఱునెలల పిమ్మట దన యభివృద్ధిని దా నెఱుగవచ్చును. నడివయసువారి కిది మిక్కిలి యవసరము. వారి ప్రోగ్రెసు కార్డు వ్రాయువా రెవరును లేరు గదా!

ఇక జాగ్రత్తలు. సాధనవేళ ఫోను వాద్యమునకు సేవకుడు. ఒక్క సందేశము వచ్చెనా, యది బజారగును. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను జెఱచినట్లు, ఆ యొక్క సందేశమే తక్కిన యర్ధగంటను మ్రింగును. అందుచే మొదటనే విమానపు గుర్తు నొక్కి సందేశములను మాన్పవలెను. మెట్రోనోమును గాని, తోడువాద్యమును గాని వినునప్పుడు వైరు గల ఇయర్‌ఫోనునే వాడవలెను. బ్లూటూత్ ఇయర్‌ఫోనులలో ధ్వని వచ్చుట కొంత యాలస్యమగును. మాట వినుట కది బాధింపదు గాని, తాళమును జెఱచును; తప్పు మనదని భ్రమ కలిగించును.

అంతకంటె బెద్ద యపాయము పాఠముల వెల్లువ. ఒక పాఠము చూచిన వెంటనే పది పాఠములు ముందు నిలుచును. గంటసేపు చూచినవానికి నేర్చినట్లే యుండును; గిటారు మాత్రము సంచిలోనే యుండును. తెరపై రంగుచుక్కలు పరుగెత్తుచుండగా వానివెంట వ్రేళ్లు పరుగెత్తించు ఆటలు కలవు. తెర యార్పిన తోడనే పాట పోవును. తప్పిన తాళమును సరిచేసి, చిన్న గదిని పెద్ద సభామందిరముగా వినిపించునవియు గలవు. వినోదమునకు వానిని వాడుట తప్పుగాదు. కాని సాధనకు వానిని బెట్టుకొన్నవాడు దన వాద్యమును దా నెన్నడు వినును? కొత్త పరికరములు కొనుటయే సాధన యనుకొనువారిని గూర్చి వేఱుగా జెప్ప నక్కఱలేదు.

సాధనము మంచిదో కాదో తెలిసికొనుటకు నేను వాడు పరీక్ష చిన్నది. ఫోను మూసిన తరువాత నా చేతిలోను జెవిలోను నేమి మిగిలినది? ఏదైన మిగిలినచో నది మూడు చక్రముల నడకబండి వంటిది; బిడ్డకు నడక వచ్చిన పిమ్మట బండి మూలకు బోవును. ఏమియు మిగులనిచో, ఎన్ని నెలలు వాడినను మన మింకను బండిలోనే యున్నాము.

ఫోను గురువునకు బదులు కాదని కూడ జెప్పవలెను. మణికట్టు మితిమీఱి వంగుచున్నదని, భుజము బిగియుచున్నదని చెప్పి, చేయి పట్టుకొని సరిదిద్దువాడు మనుష్యుడే. నెలకొక్కమారైన నెఱిగినవాని యెదుట వాయించి చూపుట మంచిది. ఆయన మనకంటె జిన్నవాడైనను సిగ్గుపడ నక్కఱలేదు.

ఇది పరదేశపు వాద్యమని యాక్షేపించువారికి ద్వారము వేంకటస్వామినాయుడుగారిని జ్ఞాపకము చేయుదును. ఆయనయు సెగోవియా పుట్టిన 1893 లోనే పుట్టినవారు. విజయనగరము సంగీత కళాశాలలో బోధించి, దాని కధ్యక్షులై, పాశ్చాత్యుల వాద్యమైన వయొలినుతోనే తెలుగువారికి గీర్తి తెచ్చిరి. వాద్యము ఎచట పుట్టినదను దానికంటె ఎవరి సాధనకు లొంగినదనునదే ముఖ్యము.

ఇంత ప్రాయమున నీ శ్రమ యేల యని యడుగువారు గలరు. ఉపాధ్యాయుడుగా నేను జెప్పు సమాధానము వేఱు. ఎఫ్ అను కార్డునకు జూపుడు వ్రేలిని తీగలన్నిటిపై నడ్డముగా బఱచి నొక్కవలెను. మొదట నొక తీగ పలుకును, రెండు పలుకవు. వారము గడచినను బలుకవు. ఉదయమున నేడవ యెక్కము దగ్గఱ తడబడు బాలుని యెదుట నిలుచువాడు, సాయంకాలమున ఎఫ్ కార్డు దగ్గఱ తా నట్లే నిలిచినచో, మఱునాడు ఆ బాలునితో మాటలాడు తీరే మాఱును. తెలిసినదానిని బోధించుచు బోధించుచు, తెలియకపోవుట యెట్లుండునో మనము మఱచిపోవుదుము. దానిని జ్ఞాపకము చేయుటకు శిక్షణ కళాశాలలో జదివిన యే గ్రంథమును చేయని పనిని నాఱు తీగలు చేయును.

తల్లిదండ్రులకు ప్రత్యేకముగ నొక మాట. బిడ్డ తొమ్మిదవ తరగతికి రాగానే గిటారును, కీబోర్డును, మృదంగమును దీసి దాచుట మన యిండ్లలో నాచారమైనది. "పరీక్షలు కానిమ్ము, తరువాత జూతము" అందురు. పదవ తరగతి పిమ్మట ఇంటరు. ఇంటరు పిమ్మట ప్రవేశపరీక్ష. దాని పిమ్మట డిగ్రీ, ఉద్యోగము, పెండ్లి. ఆ "తరువాత" అనునది నలువదియైదవ యేట వచ్చును. అప్పుడు మరల మొదలుపెట్టుట సాధ్యమే యని నేనే యింతవఱకు వాదించితిని. సాధ్యమైనదానికెల్ల మూల్యము లేకపోలేదు. పదునాలుగవ యేట విడిచి నలువదియైదవ యేట పట్టినవానికి ముప్పది యొక్క సంవత్సరముల సంగీతము పోయినది. డిజిటల్ సాధన మేదియు దానిని తిరిగి యీజాలదు.

దినమునకు గంటలకొలది వాయింపనిండని నేను గోరుట లేదు. ఇరువది నిమిషములు చాలును. వారమునకు రెండు గంటల ఇరువది నిమిషములు. సంవత్సరమునకు నూటయిరువది గంటలకు బైగా నగును. బిడ్డ చేతిలోని ఫోను ఇంతకంటె నెక్కువ కాలమును ఇప్పుడే తీసికొనుచుండవచ్చును. ఆ ఫోనులోనే శ్రుతి యున్నది, తాళ మున్నది, రికార్డు ఉన్నది. గిటారును దీసి ఫోనును మాత్రము చేతిలో నుంచుట యే విధమైన క్రమశిక్షణయో పెద్దలు విచారింపవలెను.

విద్యార్థులారా! మీకు గిటారు చేతికి దొరకినచో విడువకుడు. శ్రుతిని ముందు చెవితో జూడుడు, పిదప ఫోనుతో జూడుడు. నెమ్మదిగా వాయింపుడు. మీ యింట అటకమీద నాన్నగారిదో, అమ్మగారిదో గిటారు ఉన్నదేమో యడిగి చూడుడు. ఉన్నచో దింపి, దుమ్ము దులిపి, కొత్త తీగలు కట్టించి, మొదట వారి చేతికే యిండు. వారు తడబడినచో నవ్వకుడు. వారు మీ యెక్కములను వినిన యోపికతో మీరు వారి కార్డులను వినుడు.

పాఠశాల పెద్దలకును నొక విన్నపము. వచ్చు వార్షికోత్సవమున విద్యార్థుల పాటల నడుమ తల్లిదండ్రులదియు, ఉపాధ్యాయులదియు నొక పాట యుండవలెను. వేగముగా నుండ నక్కఱలేదు. శ్రుతి కలిసి, తాళము తప్పక యున్న జాలును. నలువదియైదేండ్ల చేతులు నేర్చుకొనుట పిల్లలు కన్నులార జూచినచో, చదువు పరీక్షతో ముగియునది కాదని వారికి వేఱుగా జెప్ప నక్కఱ యుండదు.